మాట వినిపిస్తోంది, బొమ్మ లేదు: పాత సెటాప్ బాక్స్ మార్చాలా, వద్దా?

మీరు అడిగినవి మూడు. పెందుర్తిలో నాన్నగారింట్లో 2012లో కొన్న ఉచిత చానళ్ల బాక్స్ ఉంది. కొన్నాళ్లుగా కొన్ని చానళ్లలో మాట వినిపిస్తోంది, బొమ్మ రావడం లేదు. ఇంకొన్ని చానళ్లు జాబితాలోంచే పోయాయి. షాపతను వచ్చి డిష్, ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు ఉండి సిగ్నల్ పట్టే చిన్న పెట్టె), వైరు అన్నీ మార్చాలన్నాడు. రెండోది, ఎంవీపీ కాలనీలో మీ ఇంట్లో నెలనెలా డబ్బు కట్టే కనెక్షన్ ఉంది. టెక్నాలజీ మారుతోంది, పాత బాక్స్, పాత కార్డు ఇక పనిచేయవు, మార్చుకోండి అని కంపెనీ మెసేజ్ పెట్టింది. డబ్బు గుంజడానికి ఇదో ఎత్తుగడేమో అని మీ అనుమానం. మూడోది, బజార్లో ఒకాయన 'సర్వర్ బాక్స్' ఇస్తాను, అన్ని చానళ్లూ ఊరికే వస్తాయి అన్నాడట.

ముందు జవాబు చెప్పేస్తాను. నాన్నగారింట్లో డిష్, ఎల్‌ఎన్‌బీ, వైరు ఎవరినీ మార్చనివ్వకండి, బాక్స్ ఒక్కటే మార్చండి. మీ కంపెనీ మెసేజ్ నిజమే అయ్యుంటుంది. మార్చుకోండి, కానీ కింద చెప్పే రెండు మూడు సంగతులు చూసుకుని మార్చుకోండి. సర్వర్ బాక్స్ మాత్రం వద్దు.

నేను ఈ పనిలోకి వచ్చింది 1995లో. జెమిని, ఈటీవీ మొదలైన ఏడాది అది. డాబాగార్డెన్స్‌లో ఒక కేబుల్ కంట్రోల్ రూమ్‌లో, మేడ మీద పెద్ద జాలీ డిష్‌లు తుడిచి, బోల్టులు బిగించే కుర్రాడిగా చేరాను. అనలాగ్ పోయి డిజిటల్ రావడం, బొమ్మను కుదించి పంపే పద్ధతిలో ఎంపెగ్-2 పోయి ఎంపెగ్-4 రావడం, కేబుల్ డిజిటలైజేషన్ రెండో దశలో 2013 మార్చి గడువుకి విశాఖ పేరు ఉండటం, అన్నీ నిచ్చెన మీద నిలబడే చూశాను. ప్రతిసారీ జరిగింది ఒకటే: మారింది ఒకటైతే, జనం చేత మార్పించింది ఇంకొకటి. అందుకే కాస్త పొడుగైనా విడమరిచి చెబుతాను.

మన పోర్టులో కంటైనర్ దిగడం చూసే ఉంటారు. ముందు ఓడ జెట్టీకి చేరాలి. తర్వాత కంటైనర్ సీలు తీయాలి. ఆ తర్వాత లోపల ఇరికించి సర్దిన సరుకు విప్పి బయట పెట్టాలి. ఉపగ్రహం నుంచి వచ్చే చానల్ విషయంలో మీ బాక్స్ చేసేది కూడా ఇదే వరుసలో మూడు పనులు. తరంగాన్ని పట్టుకుని అందులోని అంకెల్ని రాబట్టడం మొదటి పని. దీనికి 1990ల నాటి డీవీబీ-ఎస్ అని ఒక పద్ధతి, 2005లో వచ్చిన డీవీబీ-ఎస్2 అని ఇంకో పద్ధతి ఉన్నాయి. తాళం తీయడం రెండో పని, అదే ఎన్‌క్రిప్షన్; కార్డు ఉండేది అందుకే. మడతపెట్టిన బొమ్మను విప్పడం మూడో పని, అదే కంప్రెషన్. ఎంపెగ్-2, ఎంపెగ్-4, హెచ్‌ఈవీసీ అనే పేర్లు దీనివే. కంపెనీ ఈ మూడింటిలో దేన్ని మార్చినా పాత బాక్స్ ఆగిపోవచ్చు. కానీ తెర మీద కనబడే లక్షణం మూడింటికీ మూడు రకాలు. అది చూస్తే చాలు, ఏం మారిందో నిచ్చెన ఎక్కకుండానే చెప్పేయొచ్చు.

మాట వస్తూ బొమ్మ రాకపోతే కంప్రెషన్ మారినట్టు. చాలాచోట్ల ధ్వనికి పాత పద్ధతినే ఉంచి, బొమ్మకి మాత్రం కొత్తది పెడతారు. పాత బాక్స్ ధ్వనిని విప్పుతుంది, బొమ్మ దగ్గర చేతులెత్తేస్తుంది. డిష్ కదిలినా, ఎల్‌ఎన్‌బీ పోయినా, వైరులో నీళ్లు దిగినా మాట కూడా రాదు, లేదంటే తెగి తెగి వస్తుంది. నాన్నగారింట్లో మాట తెగకుండా శుభ్రంగా వినబడుతోందని మీరే రాశారు. అంటే పైన ఉన్న సామానంతా బాగున్నట్టే.

జాబితాలోంచి చానల్ పోవడం వేరే సంగతి. అది ఉన్న ట్రాన్స్‌పాండర్, అంటే ఉపగ్రహంలో కొన్ని చానళ్లని కలిపి మోసే భాగం, డీవీబీ-ఎస్2కి మారి ఉండొచ్చు, ఫ్రీక్వెన్సీ మారి ఉండొచ్చు, ఆ చానలే ఉచిత వేదిక నుంచి తప్పుకుని ఉండొచ్చు. ఒకసారి పూర్తిగా రీస్కాన్ చేయించండి. ఫ్రీక్వెన్సీ మాత్రమే మారి ఉంటే తిరిగి వచ్చేస్తుంది. డీవీబీ-ఎస్2 అయితే పాత బాక్స్ ఎన్నిసార్లు వెతికినా ఆ ట్రాన్స్‌పాండర్ దగ్గర ఖాళీగానే ఉందంటుంది, పక్క ట్రాన్స్‌పాండర్లలో సిగ్నల్ నిండుగా ఉన్నా సరే. ఇక సిగ్నల్ బాగుండి, చానల్ పేరు కనబడి, తెర నల్లగా ఉండి 'స్క్రాంబుల్డ్' అనో, కార్డు చూసుకోమనో రాస్తే అది తాళం సమస్య.

దూరదర్శన్ ఫ్రీ డిష్‌లో కొన్ని చానళ్లు ఎంపెగ్-2లో, కొన్ని ఎంపెగ్-4లో ఉంటాయి. స్లాట్ల వేలం కూడా రెండింటికీ విడివిడిగా వేస్తారు. పక్కింట్లో అలాంటి డిష్‌తోనే వచ్చే చానల్ మీ నాన్నగారికి రాకపోతే కారణం అదే.

కంప్రెషన్ సంగతి కొంచెం ఆగి చెప్పాలి. వార్తలు చదివే అమ్మాయి వెనక గోడను సెకనుకి 25 సార్లు పంపాల్సిన పని లేదు. ఒకసారి మొత్తం పంపి, ఆ తర్వాత కదిలినంత మేరకు పంపితే సరిపోతుంది. ఎంపెగ్-2 బొమ్మను 16 చుక్కల పొడవు, 16 చుక్కల వెడల్పు గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడి వెనకటి బొమ్మలో ఎక్కడ ఉండేదో వెతికి, 'ఇది అక్కణ్నుంచి ఇక్కడికి జరిగింది' అని మాత్రం రాస్తుంది. 2003లో వచ్చిన హెచ్.264, మనమంతా ఎంపెగ్-4 అని పిలిచేది, అవసరమైన చోట ఆ గడిని 4 చుక్కల ముక్కల దాకా చీలుస్తుంది. వెనకటి ఒకటి రెండు బొమ్మల్లోనే కాక ఇంకా చాలా బొమ్మల్లో పోలిక వెతుకుతుంది. గడికీ గడికీ మధ్య గీత కనబడకుండా నునుపు చేస్తుంది. దాంతో అదే నాణ్యతకి దాదాపు సగం చోటు చాలు. 2013లో వచ్చిన హెచ్‌ఈవీసీ ఆ సగాన్ని కూడా సగానికి దగ్గరగా తగ్గిస్తుంది. అది 64 చుక్కల పెద్ద గళ్లను కూడా వాడుతుంది కాబట్టి 4కే బొమ్మలకి బాగా పనికొస్తుంది.

ఏ పద్ధతికైనా కష్టమైన బొమ్మ ఏదంటే మన ఆర్‌కే బీచ్ అల. ఈ క్షణం ఉన్న నురుగు మరుక్షణం ఆ ఆకారంలో ఉండదు, వెనకటి బొమ్మలో ఎంత వెతికినా పోలిక దొరకదు. వాన, మంట, పువ్వులు చల్లడం కూడా అంతే. పీఎం పాలెం స్టేడియంలో మ్యాచ్ జరిగేటప్పుడు గమనించండి. కెమెరా బంతి వెంట పరిగెత్తితే గడ్డి అంతా పచ్చరంగు పులిమినట్టు అయిపోతుంది. కెమెరా ఆగగానే మళ్లీ పరకలు పరకలుగా విడివడుతుంది. ఆ ఒక్క క్షణం చానల్‌కి ఇచ్చిన చోటు చాలలేదన్నమాట. దానికి మీ డిష్ మార్చినా, టీవీ మార్చినా ఫలితం ఉండదు.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పంపి పాత బాక్స్‌కే ఎంపెగ్-4 నేర్పించవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. కుదరదు. బొమ్మ విప్పే పని బాక్స్‌లో చిప్ లోపలే గట్టిగా కట్టేసి ఉంటుంది. ఎంపెగ్-2 కోసం చేసిన చిప్‌కి ఎంపెగ్-4 లెక్కలు చేసేంత వేగమూ ఉండదు, అన్ని బొమ్మలు గుర్తుపెట్టుకునేంత మెమరీ కూడా ఉండదు. డీవీబీ-ఎస్2 విషయమూ అంతే, ట్యూనర్ దగ్గర ఉండే చిప్ వేరు. తాళం ఒక్కటే కొన్నిసార్లు కొత్త కార్డుతోనో, గాలిలో పంపే అప్‌డేట్‌తోనో తేలిపోతుంది.

కంపెనీలు ఎందుకు మారుస్తాయో లెక్క చూస్తే మీకే తెలుస్తుంది. డీవీబీ-ఎస్‌లో 27,500 సింబల్ రేటు (సెకనుకి పంపే సంకేతాల లెక్క, వేలల్లో), 3/4 ఎఫ్‌ఈసీ (నాలుగింట మూడొంతులు సరుకు, మిగతాది తప్పులు దిద్దుకోవడానికి) ఉన్న ట్రాన్స్‌పాండర్ సెకనుకి 38 మెగాబిట్లు మోస్తుంది. ఎంపెగ్-2లో మామూలు చానల్ చూడదగ్గట్టు ఉండాలంటే 3, 4 మెగాబిట్లు కావాలి. అంటే పది పన్నెండు చానళ్లు. అదే ట్రాన్స్‌పాండర్‌ని డీవీబీ-ఎస్2లో, ఒకే తరంగం మీద ఎక్కువ అంకెలు ఎక్కించే 8పీఎస్‌కే పద్ధతిలో నడిపితే 60 మెగాబిట్ల పైచిలుకు పోతుంది. ఎంపెగ్-4లో చానల్‌కి 2 మెగాబిట్లు చాలు కాబట్టి ముప్పై చానళ్లు పడతాయి. 2022 జూన్‌లో పైకి వెళ్లిన జీశాట్-24 బరువు నాలుగు టన్నుల పైన. దాంట్లో ఉన్న, చిన్న డిష్‌లకి పనికొచ్చే కేయూ బ్యాండ్ ట్రాన్స్‌పాండర్లు 24. అంత పెద్ద ఉపగ్రహం పంపితే దొరికే చోటు అది. దాన్ని రెండింతలు, మూడింతలు చేసుకునే దారి ఉంటే ఎవరు వదులుకుంటారు?

మన దేశంలో డిష్ టీవీ 2003లో, టాటా స్కై 2006లో ఎంపెగ్-2తోనే మొదలయ్యాయి. ఆ తర్వాత వచ్చిన సన్ డైరెక్ట్ మొదటినుంచీ ఎంపెగ్-4. ముందు వచ్చినవాళ్ల దగ్గర లక్షల ఇళ్లలో పాత బాక్సులు ఉండిపోయాయి. ఆ ఇళ్ల కోసం ఒకే చానల్‌ని ఎంపెగ్-2లో ఒకసారి, ఎంపెగ్-4లో ఇంకోసారి పంపాల్సి వస్తుంది. అంటే పాత బాక్సులు ఉన్నన్నాళ్లూ ఆదా కావాల్సిన చోటు ఆదా కాదు, ఇంకా ఎక్కువ ఖర్చవుతుంది. కంపెనీ మీకు పదే పదే మెసేజ్ పెట్టేది అందుకే. ఈ మార్పు వాళ్ల అవసరం. కాబట్టి బాక్స్ ఊరికే ఇవ్వమని, లేకపోతే ఖర్చు బాగా తగ్గించమని గట్టిగా అడగండి. మొహమాటం వద్దు. పద్ధతి మారింది కాబట్టి బొమ్మ మెరుగవుతుందని మాత్రం ఆశపెట్టుకోకండి. మిగిలిన చోటులో ఇంకో పది చానళ్లు పెట్టడమే నేను ఎక్కువగా చూశాను. నాకు ఇది నచ్చదు. ఉన్న చానళ్లకే కాస్త చోటు పెంచితే చూసేవాళ్ల కళ్లకి హాయిగా ఉంటుంది.

ఇక మన ఊరికే ప్రత్యేకమైన బాధ ఉప్పుగాలి. లాసన్స్ బేలో ఒక పిన్నిగారి ఇల్లు. తెల్లవారగానే తిరుమల సుప్రభాతం పెట్టుకోకపోతే ఆవిడకి రోజు మొదలవదు. ఆవిడ చూసే చానళ్లు కొన్ని మాట మాత్రమే వచ్చి బొమ్మ ఆగిపోయాయి. పిలిచిన షాపువాళ్లు మొదటి రోజు ఎల్‌ఎన్‌బీ మార్చారు, రెండోసారి వైరు మార్చారు, మూడోసారి డిష్షే మార్చారు. మూడుసార్లూ డబ్బు తీసుకున్నారు. బొమ్మ రాలేదు. నేను వెళ్లి, నా సంచిలో ఉన్న ఎంపెగ్-4 బాక్స్ తగిలించాను. పది నిమిషాల్లో బొమ్మ వచ్చింది. ఆవిడ పింఛను డబ్బులోంచి పోయింది అదంతా. ఇప్పటికీ తలచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. నెల తిరగకుండా మళ్లీ ఫోన్ చేశారు, కాస్త మబ్బు పట్టినా బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోతోందని. మేడ ఎక్కి ఎల్‌ఎన్‌బీ దగ్గర కనెక్టర్ విప్పి చూశాను. కొత్త వైరే, కానీ పైన రబ్బరు తొడుగు వేయకుండా వదిలేశారు. రాగి తీగ చివర పచ్చటి చిలుము పట్టేసింది, కనెక్టర్ గింజ లోపల తెల్లగా ఉప్పు పేరుకుంది. రెండంగుళాలు కోసేసి, కొత్త కనెక్టర్ వేసి, టేపు చుట్టి, వైరును ఒక మెలి కిందికి వేలాడదీశాను, నీళ్లు కనెక్టర్‌లోకి కాకుండా ఆ మెలి దగ్గర కిందికి కారిపోయేలా. బాక్స్‌లో క్వాలిటీ గీత సగానికి తక్కువ ఉన్నది మూడొంతులు దాటింది. ఆ తర్వాత మామూలు వానకి బొమ్మ పోలేదు.

ఈ రెండో ముక్క గుర్తుపెట్టుకోండి. 8పీఎస్‌కే ఎక్కువ సరుకు మోస్తుంది, కానీ దానికి సిగ్నల్ శుభ్రంగా ఉండాలి. పాత పద్ధతిలో చిలుము పట్టిన కనెక్టర్‌తో కూడా నెట్టుకొచ్చిన ఇల్లు, కొత్త పద్ధతిలో చిన్న జల్లుకే ఆగిపోవచ్చు. అందుకే బాక్స్ మార్చిన రోజే వైరు రెండు కొసల్లో ఉన్న కనెక్టర్లూ, పైకెక్కి మరీ, విప్పి చూడమని చెప్పండి. హుద్‌హుద్ తర్వాత తొందర తొందరగా బిగించిన స్టాండ్లు మన ఊళ్లో ఇంకా చాలా ఉన్నాయి, వాటి బోల్టులు తుప్పుపట్టి డిష్ వేలెడు జరిగినా చాలు, సిగ్నల్ పడిపోతుంది. ఒకే డిష్ మీద సగం చానళ్లు వచ్చి సగం రాకపోతే మాత్రం వైరునే అనుమానించాలి. బాక్స్ నిలువు తరంగాలకి 13 వోల్టులు, అడ్డ తరంగాలకి 18 వోల్టులు పైకి పంపుతుంది. వైరు పాడైతే ఆ 18 పైదాకా చేరక సగం చానళ్లు మాయమవుతాయి. కానీ అప్పుడు మాట, బొమ్మ రెండూ పోతాయి.

డిష్ తిప్పాలి అని ఎవరైనా అంటే, ఎటు అని అడగండి. ఫ్రీ డిష్ ఉపగ్రహం జీశాట్-15 ఉండేది 93.5 డిగ్రీల తూర్పున. అంతకుముందు అదే చోట ఇన్శాట్-4బీ ఉండేది, కాబట్టి ఉపగ్రహం మారినా ఇళ్ల మీద డిష్‌లు కదపాల్సిన పని రాలేదు. తిప్పాల్సి వచ్చిన సందర్భం 2010 జూలైలో చూశాను. ఇన్శాట్-4బీలో విద్యుత్ లోపం వచ్చి సగం ట్రాన్స్‌పాండర్లు ఆపేయాల్సి వచ్చింది, దాని మీద ఉన్న సన్ డైరెక్ట్ 91.5 డిగ్రీల మీసాట్-3కి మారింది. అప్పుడు ఇంటింటికీ తిరిగి రెండు డిగ్రీలు జరిపాం. కంప్రెషన్ మారితే, తాళం మారితే డిష్ అంగుళం కూడా కదపక్కర్లేదు.

మీ ఇంటి కనెక్షన్ 83 డిగ్రీల ఉపగ్రహం మీదిదైతే మీకో సులువు. విశాఖ ఉన్నది దాదాపు అదే రేఖాంశం మీద, 83.3 డిగ్రీల దగ్గర. అంటే ఆ ఉపగ్రహం మనకి సరిగ్గా దక్షిణాన, 69 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. డిష్ నేరుగా దక్షిణం చూస్తోందా లేదా అన్నది దిక్సూచితోనే తేలిపోతుంది. మార్చి రెండో వారంలో, అక్టోబరు మొదట్లో మధ్యాహ్నం 12 ప్రాంతంలో కొద్ది నిమిషాలు బొమ్మ పోతే కంగారుపడకండి. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు, తన నుంచి వచ్చే రేడియో రొదతో సిగ్నల్‌ని కప్పేస్తాడు.

తాళం సంగతికి వస్తాను. డబ్బు కట్టే చానల్‌ని కలగాపులగం చేసి పంపుతారు. దాన్ని సరిచేసే తాళంచెవి కొన్ని సెకన్లకొకసారి మారిపోతూ ఉంటుంది. ఆ చెవిని కూడా ఇంకో తాళం వేసి, బొమ్మతో పాటే పంపుతారు. మీ కార్డు దాన్ని తెరిచి బాక్స్‌కి అందిస్తుంది. మీరు ఏ చానళ్లకి డబ్బు కట్టారన్న సమాచారం విడిగా, గాలిలోనే కార్డుకి చేరుతుంది. ఊరెళ్లి నెల తర్వాత వచ్చి రీఛార్జ్ చేస్తే వెంటనే చానళ్లు రాకపోవడం అందుకే. బాక్స్ ఆన్‌లో ఉంచి ఓ అరగంట ఆగితే ఆ సమాచారం అందుతుంది.

దశాబ్దాలుగా ఎక్కువమంది వాడింది డీవీబీ-సీఎస్‌ఏ అనే పద్ధతి. దాని తాళంచెవి 64 బిట్లు అని చెప్పుకున్నా, వాడుకలో అందులో 16 సరిచూసుకోవడానికే పోతాయి, మిగిలేది 48. 1990లలో అది చాలా పెద్దది. 2011లో పరిశోధకులు దాన్ని మామూలు కంప్యూటర్ సామానుతోనే ఛేదించే దారి చూపించారు. దాని తర్వాతి తరమైన సీఎస్‌ఏ3లో చెవి 128 బిట్లు. కార్డుని ఒక బాక్స్‌కే జతకట్టడం, కార్డే లేకుండా తాళాన్ని చిప్‌లోనే పెట్టడం కూడా అలా వచ్చినవే. అందుకే పాత కార్డు తీసి కొత్త బాక్స్‌లో పెడితే పనిచేయదు. కార్డు పాడవలేదు, దానికి జత ఆ పాత బాక్స్.

మీకు ఆశ చూపిన సర్వర్ బాక్స్ ఇక్కడే వస్తుంది. ఎక్కడో ఒకచోట నిజమైన కార్డు ఒకటి పెట్టి, అది తెరిచిన తాళంచెవుల్ని ఇంటర్నెట్‌లో వందల ఇళ్లకి పంపుతారు. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో వచ్చిన 65ఏ సెక్షన్ ప్రకారం ఇలాంటి తాళాన్ని దాటడం నేరం, రెండేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. అది పక్కన పెట్టినా, కంపెనీ తాళం మార్చిన రోజున ఆ బాక్స్ పనికిరాకుండా పోతుంది, దానికి పెట్టిన డబ్బు తిరిగి రాదు. ఎవరు చేశారో, లోపల ఏముందో తెలియని పెట్టెని మీ ఇంటి వైఫైకి కలపడం ఇంకో టెన్షన్. మీ ఫోన్లో బ్యాంకు యాప్ కూడా ఆ వైఫై మీదే కదా.

కంపెనీ బాక్స్ మార్చేటప్పుడు చూసుకోవాల్సినవి చెబుతాను. మెసేజ్‌లో ఉన్న లింకు నొక్కకండి. బాక్స్ వెనక అంటించిన హెల్ప్‌లైన్ నంబరుకి మీరే ఫోన్ చేసి అడగండి. వచ్చినవాళ్లకి ఓటీపీ చెప్పకండి. పాత కార్డు నంబరు, ఉన్న బ్యాలెన్స్ ఫోటో తీసి పెట్టుకోండి. పాత బాక్స్ మీ సొంతమా, అద్దెదా అన్నది ముందే తేల్చుకోండి, తీసుకెళ్తే రసీదు రాయించుకోండి. ముఖ్యంగా ఆ బాక్స్‌లో ఏవైనా రికార్డింగులు ఉంటే, మార్చకముందే ఇంట్లో అందరినీ చూసేయమనండి. ఆ డిస్కు తీసి ఎక్కడ పెట్టినా తెరుచుకోదు. వాటి తాళంచెవి కూడా పాత బాక్స్‌తోనే పోతుంది. ఒకసారి ఒకాయన తన కూతురు టీవీలో పాట పాడిన కార్యక్రమం అలా పోగొట్టుకుని నా ముందే కూలబడ్డారు. నేను ఏమీ చేయలేకపోయాను.

నాన్నగారికి కొనే బాక్స్ పెట్టె మీద ఎంపెగ్-4, డీవీబీ-ఎస్2 రెండూ రాసి ఉండాలి, ఒక్కటే ఉంటే కొనకండి. హెచ్‌డీఎంఐతో పాటు ఎరుపు, తెలుపు, పసుపు వైర్లు పెట్టే చోటు కూడా ఉందో లేదో చూడండి. ఆయన టీవీ పాతదైతే అవి కావాలి. ఆదివారం వెళ్లినప్పుడు పాత బాక్స్ తీసేసే ముందు, బొమ్మ రాని చానళ్ల పేర్లు, సిగ్నల్, క్వాలిటీ గీతలు ఎంత చూపిస్తున్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. కొత్త బాక్స్ పెట్టాక అవే చానళ్ల మీద మళ్లీ చూసి, తేడా ఎంత వచ్చిందో నాకు చెప్పండి.